ఇంజనుకు పట్టిన గాలి

మోటారు పనిలో దేవకుమార్ మిస్త్రీకి సాటి వచ్చేవాళ్లు నాంపల్లిలో లేరు. గొప్పలు చెప్పుకోవడంలో అయితే హైదరాబాదు మొత్తంలోనే లేరు. మెదక్ మిషన్ కాంపౌండులో దొరల మోటారు తుడుస్తూ పని నేర్చుకున్నాడు. పంతొమ్మిది వందల ముప్పైల్లో ఆబిడ్స్ చేరి ఒక పెద్ద మోటారు షాపు వెనక వర్క్‌షాపులో కుదిరాడు. అక్కడ ఫోర్‌మన్ బాగుచేసిన కారును, కొనుక్కున్న నవాబుగారు ఎదురుగా ఉండగానే మళ్లీ విప్పి తప్పు చూపించాడు. అంతటితో ఆ కొలువు ముగిసింది. అప్పటినుంచి నాంపల్లి స్టేషను వెనక సందులో సొంత రేకుల షెడ్డు పెట్టుకుని, వచ్చినవాడికల్లా ఒకే మాట చెప్పేవాడు.

"నా చెయ్యి వడ్డ బండి నడుమల ఆగదు."

ఆ మాట అబద్ధం కాదు, అదే వచ్చిన చిక్కు. నిజం గనక ఎవరూ ఎదురు చెప్పలేకపోయేవారు. ఆయన భార్య జ్ఞానమణి మాత్రం, మా ఆయన ప్రార్థనలో కూడా దేవుడికి తన పనితనమే వినిపిస్తాడని చర్చి మెట్ల మీద నవ్వుతూ చెప్పేది.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడు, ఎండలు ముదరకముందే, విద్యావతి ఆ షెడ్డుకు వచ్చింది. ఆమె భర్త ఇంద్రసేన దేవకుమార్‌కు పాత స్నేహితుడు. నాంపల్లి స్టేషనులో దిగిన పండ్ల గంపలను తన చిన్న లారీలో మొజంజాహీ మార్కెట్టుకు చేరవేసేవాడు. టైఫాయిడ్ వచ్చి పోయాడు. ఆయన పోయిన కొన్నాళ్లకే లారీ ఇంజను కూడా పగిలింది. పగలకపోయినా నడిచేది కాదు, పెట్రోలు ఇంకా రేషను కూపన్ల మీదే. మార్కెట్టు వ్యాపారులు ఇంద్రసేన మీది అభిమానంతో ఈ మామిడి కాలం రవాణా ఆమెకే ఇస్తామన్నారు. అయితే కాయ దిగేనాటికి లారీ నడవాలి, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామని కూడా అన్నారు.

విద్యావతి బల్ల మీద కూర్చుని చెప్పవలసింది ఒక్క ముక్కలో చెప్పింది.

"అన్నా, గీ బండి నడవకుంటే నేను మా మరిది ఇంట్ల గిన్నెలు తోముకుంట బతకాలె. నడిచేటట్టు చెయ్యి."

దేవకుమార్ తిరుమలగిరిలో మిలిటరీ సామాను వేలానికి వెళ్లాడు. యుద్ధంలో కరెంటు తయారుచేసే మరను తిప్పిన డీజిల్ ఇంజను ఒకటి అక్కడ దుమ్ము కొట్టుకుని పడి ఉంది. దాన్ని పట్టుకొచ్చాడు. ఈ క్రూడాయిల్ ఇంజను పిండి గిర్నీకి గాని లారీకి పనికొస్తుందా అని సందులో అందరూ నవ్వారు. వాళ్లు నవ్వినకొద్దీ ఆయనకు హుషారు పెరిగింది. కొత్త ఇంజను బరువుకు లారీ ముక్కు నేలకు వంగితే ముందు చక్రాల మీది కమాను స్ప్రింగులకు ఇంకో రెండు పట్టీలు వేయించాడు. ఇంజను రంధ్రాలూ గేరుబాక్సు రంధ్రాలూ కలవకపోతే మధ్యలో ఉక్కు పళ్లెం చేయించి రెండింటినీ ఒప్పించాడు. బానెట్టు మూతపడకపోతే దానికి కిటికీ కోశాడు. ఇంత పని చేసినవాడు, ట్యాంకు దగ్గర గొట్టం అతుకులో పాత తోలు వాషర్‌ను మాత్రం అట్లాగే ఉంచేశాడు. రాగిది వేయాలి, చేతికి అందుబాటులో లేదు. పెట్రోలుకు ఆగింది దీనికి ఆగదా అనుకున్నాడు.

మొదటి రోజు గంపలతో లారీ బయలుదేరింది. డ్రైవరు కిషన్ నడుపుతుంటే దేవకుమార్ ఫుట్‌బోర్డు మీద పెళ్లికొడుకులా నిలబడ్డాడు. ఆ గడగడలకు దారిపొడుగునా జనం తలలు తిప్పి చూశారు. మార్కెట్టు గడియారం కిందికి రాగానే లారీ దగ్గి ఆగిపోయింది. దేవకుమార్ దిగి బానెట్టు ఎత్తి, ఫిల్టరు నట్టు వదులు చేసి, చుట్టూ మూగినవాళ్లకు వినబడేలా, ఫికర్ లేదు, గాలి పట్టింది అన్నాడు.

ఇంకే మాటన్నా సరిపోయేది. నూనె గొట్టంలో గాలి చేరితే డీజిల్ ఇంజను ఆగిపోతుంది, ఆ గాలి తీసేస్తే నడుస్తుంది. ఆయన చెప్పింది అది. హమాలీలు విన్నది వేరు. గాలి పట్టిందంటే వాళ్ల ఇళ్లల్లో దయ్యం పట్టిందనే అర్థం. పైగా అది యుద్ధం నుంచి వచ్చిన ఇంజను, దాని పక్కన ఎందరు చచ్చారో ఎవరికి తెలుసు? హమాలీల పెద్ద మల్లయ్య ఎత్తిన గంప మెల్లగా కింద పెట్టాడు. దేవకుమార్ గాలి తీసి బండి నడిపించి, వాళ్ల భయానికి పకపకా నవ్వాడు కూడా. మర్నాడు లారీ సరిగ్గా అదే గడియారం కింద మళ్లీ ఆగింది. ఇక నవ్వడానికి ఏమీ మిగల్లేదు. సాయంత్రానికల్లా ఇంజనులో చచ్చిన సోల్జరు ఉన్నాడన్న మాట కోఠీ దాకా పాకింది. హమాలీలు లారీ మీద చెయ్యి వేసేది లేదన్నారు. తెల్లారి గంపలు ఎక్కకపోతే వేరే లారీని పిలుస్తామని వ్యాపారులు విద్యావతికి కబురు పెట్టారు.

మల్లయ్య మంచివాడు. ఆమె మీద జాలిపడి, మంత్రగాణ్ణి పిలిచి ఇంజను ముందర కోడిని కోయిస్తే తన మనుషులు ఒప్పుకుంటారని చెప్పాడు. విద్యావతి ఆ మాటే దేవకుమార్‌కు చేరవేసింది. కోడిని తానే తెస్తానంది.

అప్పటికి ఆయన లారీ కింద పడుకుని గొట్టమంతా వేళ్లతో తడిమి, ఆ తోలు వాషర్ దగ్గర ఆగి ఉన్నాడు. నూనె బయటికి కారడం లేదు, గాలి మాత్రం లోపలికి పోతోంది. అంటే లారీని రెండుసార్లు ఆపింది తన చెయ్యే.

ఇంటికి వెళ్లి జ్ఞానమణికి చెప్పాడు. తోవ చాలా సుళువుగా ఉంది. కోడిని కోయనిచ్చి, ఎవరూ చూడకుండా రాగి వాషర్ బిగిస్తే సరి. దయ్యమూ పోతుంది, తన పేరూ నిలుస్తుంది. జ్ఞానమణి అన్నం వడ్డిస్తూ, వచ్చే నెల టైరు పగిలి బండి ఆగితే అప్పుడు ఏమంటారని మాత్రం అడిగింది. ఆయనకు అసలు సంగతి తట్టింది. ఒకసారి దయ్యాన్ని ఒప్పుకుంటే అది ఆ లారీని విడిచిపెట్టదు. ఎప్పుడు ఏ కారణానికి ఆగినా సోల్జరే ఆపాడంటారు, విద్యావతి మరిది ఇంటికి పోవలసిందే.

తెల్లవారి మార్కెట్టు ముందర జనం నిండిపోయారు. విద్యావతి కోడితో వచ్చింది. దేవకుమార్ ఆ కోడిని లాక్కుని కిషన్ చేతిలో పెట్టి, మల్లయ్యను దగ్గరికి పిలిచాడు. జేబులోంచి తోలు ముక్క తీసి అందరికీ కనబడేలా పైకెత్తాడు.

"మల్లన్నా, ఇంజన్ల సోల్జరు లేడు, దయ్యం లేదు. గిది తీసి రాగిది వెయ్యాల్సుండె, నేను బద్దకించిన. బండి రెండుసార్లు ఆగింది నా తప్పుకే."

నీ చెయ్యి పడ్డ బండి ఆగదంటివి గదా అని వెనకనుంచి ఒక పండ్ల వ్యాపారి గొంతు వచ్చింది. ఆగిందని దేవకుమార్ ఒప్పుకున్నాడు. ఆ ఒక్క మాటకు ఆయన పడ్డ బాధ ఇంజను దింపి ఎక్కించినప్పుడు కూడా పడలేదు.

తరువాత రాగి వాషర్ బిగించి, మల్లయ్య చేతిని పట్టుకుని ఇంజను పక్కన నూనె ఎక్కించే చిన్న చేతిపంపు మీట మీద పెట్టి నొక్కమన్నాడు. మల్లయ్య కళ్లు మూసుకుని నొక్కాడు. ఫిల్టరు మీద వదులు చేసిన నట్టు చుట్టూ నురగ పొంగింది, బుడగలు బుసబుసమని వచ్చాయి. రెండు కళ్లూ తెరిచి చూడమన్నాడు దేవకుమార్. నొక్కినకొద్దీ బుడగలు తగ్గి, చివరికి నూనె తేటగా కారింది. నట్టు బిగించారు. కిషన్ స్టార్టరు నొక్కగానే ఇంజను గడగడమంటూ లేచింది. విద్యావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆమెను చూసి దేవకుమార్ తల దించుకున్నాడు. ఈమెను రెండు రోజులు ఏడిపించింది తానే కదా అనిపించింది.

మల్లయ్య కొంచెంసేపు ఇంజను మీద అరచెయ్యి ఆనించి ఉంచాడు. తరువాత వెళ్లి మొదటి గంపను తానే ఎత్తి లారీలో పెట్టాడు. మిగతావాళ్లు కదిలారు. అందరికంటే చివర వెనక్కి వచ్చి, మిస్త్రీ చెవిలో అడిగాడు.

"నిజం చెప్పు సాబ్. గాలి మొత్తం పోయినట్టేనా?"

దేవకుమార్ నూనె చేతులు తుడుచుకుంటూ నవ్వాడు.

"ఇంజన్‌ది పోయింది మల్లన్నా. నాది గూడ పోయింది."