దొరగారి పెద్ద రివాల్వరు

పలకా బలపం కంటే ముందు నా చేతికి రివాల్వరు వచ్చింది. గొప్పకు చెప్పడం లేదు. నా చిన్నప్పుడు మా గోదావరి లంకల్లో మా తాతయ్య చేసిన కొలువు అలాంటిది. ఊరి దొరగారికి ఒక రివాల్వరు ఉండేది. దాన్ని మోయడానికి ఒక మనిషి కావలసి వచ్చాడు. ఆ మనిషి మా తాతయ్య.

రివాల్వరు మోయడానికి వేరే మనిషెందుకు అని మీకు అనిపించవచ్చు. ఇక్కడ గల్ఫ్‌లో, ఉమ్ అల్ క్వైన్‌లో మా కూలీల క్యాంపువాళ్ళకు చెప్పినా అదే అడిగారు. ఎందుకంటే అది మామూలు రివాల్వరు కాదు. తెల్లవాళ్ళు దేశం విడిచి వెళ్ళే రోజుల్లో ఎవరో తోటల దొర సామాన్లన్నీ అమ్ముకుని పోతుంటే మా దొరగారు దాన్ని కొన్నారు. గొట్టమే జానెడు పైన ఉండేది. ఒక్కో గుండు నా బొటనవేలి కంటే లావు. దెబ్బ తిన్న పులి మీదికి దూకితే ఆఖరి క్షణంలో కాల్చడానికి చేసినదట. మా లంకల్లో పులులు లేవు. దొరగారికి ఉన్నది దాయాదులు, గట్టు తగాదాలు, వాటితో పాటు ప్రాణభయం. చేతిలో ఇమిడే చిన్నది చాలు కదండీ అని ఎవరో అంటే, "చిన్నదైతే భయపడేవాడూ చిన్నగానే భయపడతాడ్రా" అన్నారట.

మొదట ఆయనే నడుముకు కట్టుకున్నారు. పంచె జారింది. తోలు బెల్టు కుట్టించుకున్నారు. కుర్చీలో కూర్చుంటే గొట్టం కుర్చీ చేతికి తన్నుకునేది, బండి ఎక్కితే తొడలో పొడిచేది. చొక్కా కింద దాస్తే పొట్టలో కణితి లేచినట్టు కనిపించేది. సాయంత్రానికి తుంటి వాచేది. ఒకే ఒక్కసారి చెరుకు తోటలో అడవి పంది మీద పేల్చారు. పంది తాపీగా అవతలి గట్టెక్కి వెళ్ళిపోయింది. దొరగారి మణికట్టుకు మాత్రం నెల్లాళ్ళు పసుపు పట్టీలు వేశారు. చెవుల్లో హోరు అయితే ఇంకా చాలాకాలం తగ్గలేదు. ఆ తర్వాత ఖాకీ గుడ్డతో సంచి కుట్టించి, అందులో రివాల్వరు పెట్టి, మా తాతయ్య భుజానికి తగిలించారు. దొరగారు ముందు నడిస్తే తాతయ్య పది అడుగుల వెనక నడవాలి.

అక్కడితో దొరగారి భయం తీరలేదు, ఇంకో రూపం ఎత్తింది. తన ప్రాణం కాపాడవలసిన వస్తువు ఇప్పుడు తన వీపు వెనక, ఇంకొకడి చేతిలో ఉంది. వారం తిరక్కుండానే ఆరు గుళ్ళూ తీయించి తన చొక్కా జేబులో వేసుకున్నారు. తుపాకీ ఒకరి దగ్గర, గుళ్ళు ఒకరి దగ్గర. మధ్యన పది అడుగుల ఎడం. ఏ దాయాదయినా మీద పడితే ఆ ఎడం ఎవరు దాటాలో, ఎప్పుడు దాటాలో ఎవరూ ఆలోచించలేదు.

నేను అప్పుడప్పుడు తాతయ్య వెంట వెళ్ళేవాణ్ణి. ఏటిగట్టు మీద నడుస్తూ నడుస్తూ దొరగారు ఉన్నట్టుండి ఆగేవారు. మేమూ ఆగేవాళ్ళం. ఆయన వెనక్కి తిరిగేవారు కాదు. మెడ బిగబట్టుకుని అలాగే నిలబడి, "వెనకాల ఎవడ్రా?" అనేవారు.

"నేనూ మా మనవడూ అండి బాబూ."

"మీరు కాదు. మీ వెనకాల."

తాతయ్య తిరిగి చూసేవాడు. నేనూ చూసేవాణ్ణి. తెల్లగా గట్టు, అటూ ఇటూ రెల్లుగడ్డి. ఎవరూ ఉండేవారు కాదు. కానీ ఆయన అన్నాక ఆ ఎవరూ లేని గట్టు అంతకు ముందు ఉన్నట్టు ఉండేది కాదు. నాకు వీపు మీద చీమలు పాకినట్టయ్యేది.

అయినా నాకు ఆ రివాల్వరు మీద ఎంత మోజో చెప్పలేను. ఒక్కసారి పట్టుకోనివ్వమని తాతయ్య ప్రాణం తీసేవాణ్ణి. ఒక వేసవి మధ్యాహ్నం దొరగారు తోటలో భోంచేసి పడుకున్నారు. తాతయ్య నన్ను గట్టు మీదికి తీసుకువెళ్ళి సంచి నా మెడలో వేశాడు. ఆ బరువుకు నేను ఒక పక్కకు వంగిపోయాను.

"అదిగో, ఆ తాటిచెట్టు దగ్గర్నుంచి నడుచుకుంటూ వస్తాను. పరిగెత్తను. నిన్ను ముట్టుకునేలోగా అది తీసి నా గుండెకి గురి పెట్టు. పెడితే రోజూ నీదే."

తాతయ్య తాటిచెట్టు దాకా వెళ్ళి ఇటు తిరిగాడు. నేను సంచి తాడు విప్పాను. పిడి వచ్చింది కానీ గొట్టం చివరన గురి చూసే చిన్న మేకులాంటిది ఉంటుంది, అది గుడ్డలో చిక్కుకుంది. లాగాను. రాలేదు. రెండు చేతులా పట్టి, మోకాలితో సంచిని నొక్కి పెరికాను. వచ్చింది. పైకెత్తబోతే మూతి నేల చూస్తోంది. పళ్ళు బిగబట్టి ఎత్తి, అప్పుడు తల ఎత్తి చూశాను.

గట్టు మీద తాతయ్య లేడు.

ఆ మధ్యాహ్నం ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. గాలి లేదు, పిట్ట లేదు. తాటిచెట్టు దాని నీడను దాని మొదట్లోనే పెట్టుకుని నిలబడి ఉంది. "తాతయ్యా" అని పిలవబోయాను. అంతలో వెనక నుంచి నా మెడ మీద చల్లటి చెయ్యి పడింది.

"చచ్చావురా" అన్నాడు తాతయ్య. ఆయన గట్టు దిగి, కాలవలోంచి నడిచి, నా వెనక ఎక్కాడు. పంచె మోకాళ్ళ దాకా తడిసి ఉంది. అంత దూరం, అంత నెమ్మదిగా వచ్చిన మనిషిని నేను చూడనే లేదు.

రెండోసారీ అంతే. మూడోసారి నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చి సంచి తీసి నేల మీద విసిరేశాను. చేతులు ఊపుకుంటూ నిలబడి తాతయ్యనే చూశాను. తాటిచెట్టు దగ్గర మొదటి అడుగు చూశాను, గట్టు దిగడం చూశాను, రెల్లు కదలడం చూశాను. ఆయన ఇటు ఎక్కేలోపు అటు పరిగెత్తి తోటలో పడ్డాను. తాతయ్య రొప్పుతూ వచ్చి, "ఇప్పుడు బతికావు" అని నవ్వాడు. తర్వాత సంచి దుమ్ము దులిపి భుజానికి వేసుకుంటూ, నాతో కాకుండా తనతో తాను అనుకుంటున్నట్టు, "ఈ బాబుగారు ఎన్నేళ్ళుగానో దీన్నే చూస్తున్నారు. మనిషిని చూడటం ఎప్పుడో మానేశారు" అన్నాడు.

దొరగారి మీద ఎవరూ పడలేదు. ముసలితనంలో జ్వరం వచ్చి మంచం మీదే పోయారు. రివాల్వరు సర్కారు వాళ్ళు పట్టుకెళ్ళారు. తాతయ్య కుడి భుజం మాత్రం తను పోయేదాకా కిందికి వంగే ఉండేది.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, పెద్ద చదువులు చదివి, టై కట్టుకుని ఆఫీసుల్లో కూర్చునే మనవాళ్ళు కూడా టీవీలో ఎవడో మూరెడు పిస్తోలు తిప్పుతుంటే చూసి, అలాంటిది ఒకటి నడుముకు ఉంటే మనల్ని ఎవడు ముట్టుకుంటాడు అంటున్నారు. విని విని నాకు ఒళ్ళు మండిపోయింది. నేను బడి ముఖం చూసినవాణ్ణి కాదు, పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. అయినా అలాంటిదాన్ని మోసిన ఇంటివాణ్ణి కాబట్టి చెప్పే హక్కు నాకు ఉంది.

పోయిన చలికాలం సంగతి. నేను ఇక్కడ ఒక తుక్కు ఇనుము యార్డుకు నాతూర్‌ని, అంటే గేటు కాపలావాణ్ణి. క్యాంపు నుంచి యార్డుకు అడ్డదారిన ఉప్పునేల దాటాలి. పైన పెచ్చులా గట్టిపడి ఉంటుంది, అడుగు వేస్తే కరకరమని విరుగుతుంది. మా గదిలో పక్క మంచం అతనిది నిజామాబాద్ వైపు పల్లె. అదే యార్డులో గ్యాస్ కట్టర్, అంటే గ్యాస్ మంటతో ఇనుము కోసే పని. నన్ను కాకా అంటాడు. ఒక సాయంత్రం ఆ దారిలో ఎవరో వెనక నుంచి కొట్టి అతని మొబైల్ లాక్కుపోయారు. ముఖం చూడలేదు కాబట్టి పోలీసులకు చెప్పడానికి ఏమీ లేకపోయింది. ఆ దెబ్బకు ఎడమ చెవికి వినికిడి పూర్తిగా పోయింది. యార్డు గోడ మీద భద్రత ముఖ్యం అని మనిషెత్తు అక్షరాలు ఉన్నాయి. ఆ దారిలో ఒక్క దీపం లేదు. దీపం పెట్టించమని ముదీర్‌ని, అంటే మేనేజరుని, రెండుసార్లు అడిగాను. "బుక్రా, బుక్రా" అన్నాడు. రేపు అని దాని అర్థం. ఆ రేపు ఇంకా రాలేదు.

చెవి పోయాక అతను మనిషి కాలేదు. ఎడమవైపు అడుగుల చప్పుడు వినబడదు కదా, అటు నుంచి ఎప్పుడూ ఎవరో వస్తున్నట్టే ఉంటుందట. గదిలో కూడా ఎడమ భుజం గోడకు ఆనించి కూర్చునేవాడు. ఒక రోజు తలుపు గడియ పెట్టి, దుప్పటి మడతలోంచి ఒక వస్తువు తీసి నా ఒళ్ళో పెట్టాడు. ఆ బరువు తగలగానే నాకు చిన్ననాటి గట్టు గుర్తుకొచ్చింది. జానెడు గొట్టం, లావు పిడి, తుప్పు. యుద్ధం జరిగిన దేశం నుంచి వచ్చిన తుక్కులో దొరికిందట.

"తూటాలేవిరా?"

"తూటాలు యాడియి కాకా? ఉత్తదే. గింత పొడుగుది మొకం మీద వెడ్తె ఎవడాగుతడు?"

"పట్టుబడితే జైలు. ఆపైన ఖలాస్, జన్మలో ఈ దేశం ముఖం చూడవు."

"ఇది లేకపోతె ఇంకో చెవి గూడ పోతది. రెండు చెవులు లేనోన్ని పనిల ఎవడు ఉంచుకుంటడు? నువ్వే చెప్పు, ఏది నయం?"

నాకు కోపం వచ్చింది. తిట్టాను. వినలేదు. అప్పుడు తాతయ్య పందెమే వేశాను. మర్నాడు పొద్దున్న అతను ఆ దారిలో నడవాలి. నేను ఎటునుంచి వస్తానో చెప్పను. నేను ముట్టుకునేలోగా అది తీసి నాకు చూపిస్తే ఇక నోరెత్తను. చూపించలేకపోతే నేను చెప్పినట్టు వినాలి.

"ముసలోనివి, నీ అడుగులు ఇక్కడికెల్లి షార్జా దాంక ఇనబడ్తయి" అని చాలా రోజుల తర్వాత నవ్వాడు.

తెల్లవారి పొగమంచు దట్టంగా దిగింది. చెయ్యి చాపితే వేళ్ళు కనిపించనంత. జాకెట్ లోపల దాన్ని దోపుకుని అతను ముందు కదిలాడు. నేను దారి విడిచి ఉప్పునేల మీద చుట్టూ తిరిగి నడిచాను. నా అడుగుల చప్పుడు, దూరంగా అతని అడుగుల చప్పుడు. కాసేపటికి అతనివి ఆగిపోయాయి. నేనూ ఆగాను. అయినా ఎక్కడో పెచ్చు విరుగుతూనే ఉంది. మూడు, నాలుగు అడుగులు. తర్వాత అదీ లేదు. అతనే అటూ ఇటూ తిరుగుతున్నాడు కాబోలు అనుకున్నాను.

దగ్గరికి వెళితే వీపు కనిపించింది. తల వంచుకుని, రెండు చేతులూ జాకెట్‌లో పెట్టి పెనుగులాడుతున్నాడు. గొట్టం చివర లోపలి గుడ్డలో చిక్కుకుంది. నేను వెళ్ళి కుడి భుజం మీద చెయ్యి వేశాను. ఉలిక్కిపడతాడనుకున్నాను. తల కూడా ఎత్తలేదు.

"ఆగు కాకా. ఒక్కపారి ముట్టినవ్, గెల్చినవ్, అయిపాయె. మల్లెందుకు? దీన్ని బయటికి గుంజనియ్యి."

"నేను ముట్టుకోవడం ఇదే మొదటిసారి" అన్నాను.

అప్పుడు తల ఎత్తాడు. "ఇంతకుముందు ఎడమ భుజం మీద చెయ్యి వెట్టి, అట్ల ముంగటికి పోతివి గదా?"

నా ముఖం చూసి అతనికి అర్థమయింది. ఇద్దరం ముందుకు చూశాం. తెల్లగా పొగమంచు. దానిలోంచి, ఎంత దూరమో తెలియదు, ఉప్పు పెచ్చు ఒక్కసారి మెత్తగా విరిగింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

ఆ చెయ్యి వేసి వెళ్ళినవాడు ఎవరో ఈరోజుకీ తెలియదు. తోవ తప్పి, మనిషి తగిలాడని ధైర్యం తెచ్చుకుని వెళ్ళిన కూలీ కావచ్చు. ఆ సాయంత్రం కొట్టినవాడే కావచ్చు. ఆ చెయ్యి దయతో పడిందో, ఎంతటివాడో కొలత చూసుకోవడానికి పడిందో కూడా చెప్పలేను. చెప్పగలిగింది ఒక్కటే. ఒక మనిషి అంత దగ్గరగా వచ్చి, ముట్టుకుని, పక్కనుంచే నడిచి వెళ్ళాడు. మావాడు మాత్రం జాకెట్ జిప్పునే చూస్తూ నిలబడ్డాడు.

ఆ పొద్దున్నే యార్డులో తన గ్యాస్ మంటతో దాన్ని నాలుగు ముక్కలు కోసి కుప్పలో వేశాడు. నేను గేటు దగ్గర నుంచి చూస్తూనే ఉన్నాను.

అప్పటి నుంచి అతను అరగంట ముందు లేచి నాతోనే బయలుదేరుతున్నాడు. నేను అతని ఎడమ పక్కన నడుస్తాను. మా ఇద్దరి చేతుల్లోనూ ఏమీ ఉండదు. తాతయ్య ఆ మధ్యాహ్నం నాకు ఇచ్చింది ఇంతే, తల ఎత్తి చూడటం. ఈ వయసులో నాతో మిగిలిందీ అదే. పొగమంచు ఉన్న రోజున అతను మధ్య దారిలో ఆగి, "కాకా, ఎడమదిక్కు ఎవలన్న ఉన్నరా?" అని అడుగుతాడు. నేను ఆగి, తొందరపడకుండా, ఆ తెలుపులోకి చూడగలిగినంత చూస్తాను. చూసి, "నాకు కనబడటం లేదు, నడు" అంటాను. ఎవరూ లేరు అని మాత్రం ఇంతవరకు ఒక్కసారి కూడా అనలేదు.