పగలు బల్ల, రాత్రి మంచం

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని నడుము పోగొట్టుకున్న మా నాన్న, బాపు, చెన్నూరు వడ్రంగి దగ్గర ఒక టేకు బల్ల కొన్నాడు. పగలు ఆనుకుని కూర్చోవచ్చు. ముందరి పలక లాగితే రాత్రికి మంచమవుతుంది. కొనేముందు దాని మీద అటూ ఇటూ దొర్లి, కిర్రుమంటుందేమోనని చెవి పెట్టి విన్నాడు. "గిది నా మనుమల దాక ఉంటది" అన్నాడు. పడవ మీద గోదావరి దాటించి మంథని తెచ్చాడు.

ఆ చలికాలంలోనే జబ్బు పడ్డాడు. ఒక పొద్దున ఎగఊపిరి పట్టింది. మంచం మీద ప్రాణం పోకూడదంటారు మాలో. "జల్ది కిందికి దించుండ్రి" అని పెద్దమ్మ తొందరపెట్టింది. బల్ల పక్కనే నేల మీద చాప వేసి పడుకోబెట్టాం.

బాపు పోలేదు. మధ్యాహ్నానికి ఊపిరి కుదుటపడింది. కళ్లు తెరిచి, "నడుము నొస్తున్నది, జర మీద పండవెట్టుండ్రి" అన్నాడు. దించిన మనిషిని మళ్లీ ఎక్కిస్తే ఇంటికి కీడట! ఎవరమూ కదల్లేదు. అవ్వ, మా అమ్మ, తన పాత చీర మడిచి ఆయన నడుము కింద పెట్టింది.

ఇంకో వారానికి ఆ చాప మీదే పోయాడు. ఆ వారమంతా చూడవచ్చినవాళ్లు బల్ల మీదే కూర్చుని, ఎంత మంచిగున్నదని ఆయనకే చెప్పిపోయారు.