పాకాల చెరువు, పొద్దుగూకే వేళ

ఆ రోజుల్లో ఫోటో అంటే బొమ్మల పరదా ముందు ఊపిరి బిగబట్టి నిలబడడమే. నాకు మాత్రం అది కంటికి ఆనేది కాదు. లైబ్రరీలో దొరికిన పుస్తకమొకటి చదివి (సగం అర్థమైంది, మిగతా సగం నేనే కల్పించుకున్నాను) కొండల నడుమ చెరువును ఏ వేళప్పుడు ఫోటో తీయాలో వరంగల్ మొత్తమ్మీద నాకొక్కడికే తెలుసని తేల్చుకున్నాను. కాశిబుగ్గలో మా మేనమామ స్టూడియోలో ప్రింట్లు కడగడం నా పని. కొత్తవాడలో జంపఖానాలు నేసే మా నాయనకు దాని మీద ఏమాత్రం నమ్మకం లేదు. "నీళ్లల్ల కాయితాలు ముంచుడు గుడ ఒక పనేనారా? మీ మామ కెమెరా చేతికిస్తే సరి, లేకుంటే దసరా కాంగనే మగ్గం మీద కూసో" అనేశాడు.

సరిగ్గా అప్పుడే ఒక కొత్త జంట పాకాల చెరువు దగ్గర ఫోటో కావాలని వచ్చింది. మామకు నడుం పట్టేసింది. "నువ్వే పో. ఖరాబు చేసినవనుకో, మళ్ల కెమెరా ముట్టేది లేదు" అంటూ దాన్ని నా మెడలో వేశాడు. మగ్గమా కెమెరానా అన్నది ఆ ఒక్క రీలు మీద పడింది.

పుస్తకం ప్రకారం తెల్లవారుజాము మేలు. గాలి లేవకముందు నీళ్లు అద్దంలా ఉంటాయట. మొదటి బస్సుకే పోదామన్నాను. పెళ్లికూతురి అమ్మమ్మ (వాడకట్టంతా ఆమెను అవ్వ అనేది) పంచాంగం తెలిసిన మనిషి. "పొద్దుగాల వర్జ్యమున్నది బిడ్డా, అటెన్క రాహుకాలం. కొత్త పిల్లలు గడప దాటద్దు" అంది.

"వెలుతురు పోతదవ్వా" అన్నాను.

"సూర్యుడు యాడికి పోతడు? రోజూ వచ్చేటోడే గద" అంది. కెమెరా మెడలో వేసుకునే, రాహుకాలం పోయేదాకా వాళ్ల అరుగు మీద కూర్చున్నాను.

చెరువు కట్ట మీద దిగేసరికి మిట్టమధ్యాహ్నం. పులిహోర, సకినాలు అయిపోగానే పెళ్లికొడుకు మీసం దువ్వుకుని "తియ్యి తమ్మీ, ఇగ పోదాం" అన్నాడు. "ఇప్పుడు తీస్తే కండ్ల కింద నీడలు పడతయన్నా, జర పొద్దు గూకనియ్యి" అని పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. పాపం, నమ్మారు. అవ్వ కొంగు పరుచుకుని గురక పెట్టింది. పెళ్లికొడుకు పౌడరు చెమటకు కారిపోయేది, మళ్లీ పూసుకునేవాడు, మళ్లీ కారిపోయేది.

చివరికి పొద్దు కొండల మీదికి వాలింది. చెరువంతా బంగారం కరిగించి పోసినట్టుంది. నాకు ఒళ్లు తెలియలేదు. ఆ వెలుగు ఎక్కడ పోతుందోనని జంటను గబగబా పొద్దుకు వీపు పెట్టి నిలబెట్టి, రీలంతా కొట్టేశాను.

మర్నాడు డార్క్‌రూమ్‌ ట్రేలో కొండలు వచ్చాయి, నీళ్లు వచ్చాయి, నీళ్ల మీద తళుకులూ వచ్చాయి. జంట ఉండాల్సిన చోట రెండు బొగ్గుబొమ్మలు లేచాయి. ఆ పుస్తకం రాసిన మహానుభావుడు ఉత్త చెరువు సంగతే రాశాడు. దాని ముందు మనుషులు కూడా నిలబడతారని ఆయనకు తోచలేదు, నాకూ తోచలేదు. మామ కెమెరాను బీరువాలో పెట్టి తాళం వేశాడు.

సాయంత్రం అవ్వ వెంట జంట వచ్చింది. పెళ్లికొడుకు ఫోటోను అటూ ఇటూ తిప్పి, మీసం కోసం వెతుక్కుని, "ఇండ్ల నేనేడున్న?" అన్నాడు. నాకు అక్కడికే మగ్గం చప్పుడు వినబడసాగింది.

అవ్వ ఫోటో అందుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "మంచిగొచ్చింది. మొఖాలు కానరావు, ఎవ్వల దిష్టీ తాకది. గోడకు కొట్టినా ఫికర్ లేదు" అంది. పెళ్లికొడుకు నోరు తెరవబోయాడు. పెళ్లికూతురు మోచేత్తో పొడిచింది. ఆ ఇంట్లో అవ్వ మాటకు తిరుగులేదు.

కొన్నాళ్లకే అదే వాడకట్టు నుంచి ఇంకో జంట వచ్చి "అవ్వోళ్లింట్ల ఉన్నసొంటి ఫోటో" కావాలంది. మామ నిట్టూర్చి బీరువా తాళం తీశాడు. "మొఖం లేని ఫోటోలకు గుడ గిరాకియా!" అని నాయన ముక్కున వేలేసుకుని, మగ్గం ఊసెత్తడం మానేశాడు.

తర్వాత పొద్దును ఏ పక్క పెట్టుకోవాలో నేర్చుకున్నాను, మొహాలూ మీసాలూ తేటగానే తీశాను. అయినా ఇప్పటికీ ఎవరి ఫోటో వాళ్ల చేతికిస్తే, వాళ్లు నోరు విప్పేదాకా నా గుండె కుదుటపడదు. తల నెరిసింది, చెయ్యి తిరిగింది, ఆ బెదురు మాత్రం పోలేదు. పోకపోవడమే నాకు ముచ్చటగా ఉంటుంది.