వాన మచ్చు

అంగళ్ల మధ్య పెరిగినవాణ్ణి. కొత్తిమీర కట్టను కూడా బేరమాడకుండా కొనను. అందుకే ఈ ఏడు అక్కకు వేరుశెనగ విత్తనం మాట్లాడే పని నాకే పడింది. అక్క చేను ధర్మవరం పక్కన, అమ్మే షావుకారు హిందూపురంలో, మధ్యన పెనుకొండలో నేను. వలిచిన గింజ ఎక్కువ రోజులు నిలవదు, మొలక చచ్చిపోతుంది. కాబట్టి ముంగారు, అంటే తొలకరి వాన పడ్డాకే కాయ వలవాలని షావుకారును ఒప్పించి, నన్ను నేనే మెచ్చుకున్నాను.

జూన్‌లో ఒక సాయంత్రం ఆయన ఫోన్ చేశాడు.

"ఏమప్పా, ముంగారొచ్చె. రేపు కాయ వలిపిస్తాండా, బండి తెచ్చుకో."

"యాడొచ్చిందన్నా?"

"యాడేంది? ఈడ మోరీలు పారుతాండాయి. టీవీలో గూడా చెప్పిరి."

"మా అక్క చేన్లో చుక్క పడలేదన్నా."

"ఏ ఊరి వానని చెప్పినావా నువ్వు? వాన అంటివి, అంతే. వద్దంటే చెప్పు, లేపాక్షోళ్లు కాసుకోనుండారు."

టీవీ పెట్టాను. గాలి ఎటునుంచి వీస్తోంది, మబ్బు ఎంత కమ్మింది, ఎన్నిచోట్ల వరసగా కురిసింది, అన్నీ చూసి, ముంగారు ఇక్కడిదాకా వచ్చిందని వాళ్లు పటం మీద గీత గీస్తారట. ఆ గీత ధర్మవరం దాటి పోయింది. పటంలో అక్క చేను తడిసిపోయింది.

తెల్లారి చేనికి పోయాను. అక్క గీత వేరు. నాగలి దిగే లోతున మట్టి తీసి పిడికిట్లో నొక్కితే ముద్ద కావాలి. అదే పదును. పారతో తవ్వి నొక్కింది. పొడి రాలింది.

"షావుకారు కాడుండేది గూడా పోతే ఇత్తనం యాడ తెచ్చేదిరా?" అంది.

ఆ మట్టినే కవర్లో పోసుకొని హిందూపురం పోయాను. లేపాక్షివాళ్లిద్దరు బురదకాళ్లతో మూటల పక్కనే కూర్చున్నారు. కవరు గల్లా ముందు పెట్టాను.

"ఇదేందబ్బా?"

"మచ్చన్నా. మా వాన."

అందరూ నవ్వారు. షావుకారు గుప్పెడు తీసి నొక్కాడు, వేళ్ల సందున జారిపోయింది. వాళ్ల బురదకాళ్ల వైపు చూశాడు. బేరంలో నోరు మూసుకున్నవాడిదే గెలుపని నాకు తెలుసు. ఆ రోజు మూసుకోలేకపోయాను.

"మా అక్కకు వేరే ఇత్తనం లేదన్నా."

"తడిసిన నేల కాసుకోదప్పా. సగం వీళ్లకిస్తా. సగం వలవకుండా కాయగానే పెడతా. ఈసారి వాన అనాకు."

"పదును."

"ఎవురి చేన్లో?"

"మా అక్క చేన్లో."

తిరుగుదారిలో పెనుకొండలో వాన పట్టుకుంది. కొండ దాటితే రోడ్డు పొడిగా ఉంది. తడిచొక్కాతో చేనికి చేరితే అక్క ముఖం వెలిగింది.

"యాడి వానరా?"

"పెనుకొండది."

"ఇత్తనం?"

"సగం మిగిలిందక్కా."

అక్క పార తీసుకొని చేనులో పల్లంగా ఉన్న చెక్కలోకి నడిచింది. "అట్లయితే ఈ పక్క మటుకే ఇత్తుదాం" అని ఇంకోచోట తవ్వి, గుప్పెడు నొక్కి, నా ముందు చెయ్యి తెరిచింది.

పొడే.