ఇటుక బట్టీల అడ్డదారి

మా బావ బస్సు డిపోలో టైమ్ కీపర్. పాతికేళ్ళుగా గేటు పక్క గదిలో కూర్చుని, ఏ బస్సు ఎన్నింటికి వచ్చిందో, ఏది ఎన్నింటికి పోయిందో రాయడమే ఆయన పని. ఒక్క నిమిషం అటూ ఇటూ చెయ్యమని డ్రైవర్లు కాళ్ళావేళ్ళా పడ్డా చెయ్యడు. మా మేనకోడలు పుట్టినప్పుడు నర్సు ఆరుంబావు అని రాసుకుంటే, వెళ్ళిపోతున్న ఆవిణ్ణి వెనక్కి పిలిచి ఆరూ పదమూడు అని దిద్దించాడు. పురిటి మంచం మీద ఉన్న మా అక్క తల పట్టుకుంది.

నలభై ఆరో ఏట డాక్టరు షుగర్ వచ్చిందన్నాడు. ఆ మర్నాటి నుంచే బావ పొద్దున్నే పరుగు మొదలుపెట్టాడు. డిపో వెనక గేటు దగ్గర బయల్దేరి, కాలవ వంతెన దాటి, ఇటుక బట్టీల పక్కగా పోయి, మూడు మలుపుల ఎక్కుడు ఎక్కి, పైన నీళ్ళ ట్యాంకును చుట్టి, అవతల తోటల రోడ్డులో దిగి మళ్ళీ డిపోకు రావాలి. మొత్తం పదకొండు కిలోమీటర్లు. ఆ రోడ్ల మీద లారీలు తిరగవు. ఎప్పుడైనా ఒక ట్రాక్టరు, ఒకటో రెండో సైకిళ్ళు, రోడ్డు తమదేనన్నట్టు నిలబడే కోళ్ళు, ఆ పైన నా వ్యాను. నాది బేకరీ. తెల్లారేసరికి ఆ దారి పొడుగునా ఉన్న చిన్న కొట్లకు బ్రెడ్లూ బన్నులూ వేస్తాను.

మొదట్లో బావ అవస్థ చూడాలి. మొదటి మలుపులో ఆయాసం, రెండో మలుపులో నా వ్యాను కనపడగానే పరిగెత్తుతున్నట్టు నటన, మూడో మలుపుకి నటించే ఓపిక కూడా ఉండేది కాదు.

"ఎక్కుతావా బావా? వెనకాల బన్నుల పక్కన చోటుంది" అని ఏడిపించేవాణ్ణి.

"పోరా, నీ వ్యాను కంటే నేనే నయం" అనేవాడు, మాట మాటకీ రొప్పుతూ.

కానీ పట్టు వదల్లేదు. ఏడాది తిరిగేసరికి ఎక్కడా ఆగకుండా మొత్తం చుట్టు డెబ్బై ఎనిమిది నిమిషాల్లో పూర్తి చేశాడు. అది నిజం, నా కళ్ళతో చూశాను. వంటింట్లో గోడ క్యాలెండరు మీద, ఏ రోజు గడిలో ఆ రోజు నిమిషాలు రాసుకునేవాడు.

రెండో ఏడు వానాకాలంలో ఒకరోజు, ఎక్కుడు ఇంకా మొదలు కాకముందే వాన దంచికొట్టింది. బట్టీల మధ్య నుంచి ఒక బండి దారి ఉంది. అందులో పడితే ఎక్కుడు ఎక్కనక్కర్లేకుండా నేరుగా తోటల రోడ్డులో తేలతాం, దాదాపు మూడు కిలోమీటర్లు కలిసొస్తాయి. తడిసి ముద్దయిన బావ ఆ దారినే వచ్చేశాడు. ఇంటికొచ్చి అలవాటు కొద్దీ గడియారం చూసి గడిలో యాభై ఎనిమిది అని రాశాడు. తప్పు టైము రాయడం ఆ మనిషికి చేతకాదు. పట్టిన నిమిషాలు యాభై ఎనిమిదే. ఏ దారిన వచ్చాడో రాయడానికి ఆ గడిలో చోటు లేదు.

అక్క చూసి కేక పెట్టింది. మేనకోడలికి అప్పుడు పదహారేళ్ళు. "ఇరవై నిమిషాలు తగ్గించావా నాన్నా!" అంటూ మెడకు వేలాడింది. కాదని చెబుదామని నోరు తెరిచేలోపే అక్క పక్కింటికి వెళ్ళిపోయిందని బావ తర్వాత నాతో అన్నాడు. మర్నాడు మళ్ళీ డెబ్బై ఎనిమిది అని రాస్తే ఏం బాగుంటుంది? అందుకని మర్నాడూ బండి దారే. ఆ తర్వాత అదే దారి అయిపోయింది.

డిపోలో నోటీసు బోర్డు మీద ఆయన గురించి రాశారు. మేనేజరు చేయి కలిపి, కుర్ర డ్రైవర్లకు ఆయన్ని చూసి బుద్ధి తెచ్చుకోమని చెప్పాడట.

నాకు తెలిసింది రెండు నెలల తర్వాత. తోటల రోడ్డులో ఒక కొట్టుకి ట్రేలు దింపుతుంటే, ఎర్ర దుమ్ము కొట్టుకున్న బూట్లతో బావ బండి దారిలోంచి వస్తూ నాకు ఎదురుపడ్డాడు.

"అక్కతో అనకురా."

"ఛ, నేనెందుకంటాను బావా!"

ఉన్న మాట చెప్పాలి. ఆ రోజు నేను పండగ చేసుకున్నాను. ఐదు నిమిషాలు ఆలస్యంగా భోజనానికి వెళ్తే నాకు క్లాసు పీకే మనిషి నా గుప్పిట్లోకి వచ్చాడు. ఇక ఎప్పుడు వాళ్ళింటికి వెళ్ళినా, "బావా, ఇవాళ ఎక్కుడు ఎలా ఉంది?" అని అందరి ముందూ అడిగేవాణ్ణి. ఆయన మొహం మాడిపోయేది. అలా ఎనిమిది నెలలు సరదా తీర్చుకున్నాను. ఆ ఆట ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఆలోచించలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చితికిపోతాను.

ఆ రోజుల్లోనే ఒక డ్రైవరు, బస్సులో ఇద్దరే ఉన్నారని వాళ్ళను మధ్యలో దింపేసి, బస్సును సగం దారి నుంచే తిప్పుకొచ్చాడు. బావ పట్టుకున్నాడు. "టైము కరెక్టే కదా సార్, దారే కదా కాస్త తగ్గింది" అన్నాడట అతను. బావ కలం ఆగింది. ఆగినా మెమో రాశాడు, అతన్ని పదిహేను రోజులు సస్పెండ్ చేశారు. ఈ సంగతి నాతో చెబుతున్నంతసేపూ బావ గోడ వంకే చూశాడు.

మేనకోడలు కాలేజీలో పరుగు పందేలకు వెళ్ళేది. సాయంత్రాలు ఇదే చుట్టు, ఒక్కతే. తను నిజంగానే మూడు మలుపులూ ఎక్కేది, ట్యాంకును చుట్టేది. అరవై మూడు, అరవై రెండు, అరవై ఒకటి. తన అంకెలను నాన్న అంకెల కింద ఎర్ర పెన్నుతో రాసుకునేది. కాలి గోళ్ళు నల్లబడి ఊడిపోయినా మానలేదు. అరవై ఒకటి దగ్గరే ఆగిపోయింది.

జిల్లా జట్టు ఎంపికకు పేర్లివ్వడానికి సోమవారం ఆఖరు. ఆదివారం మధ్యాహ్నం అందరం భోజనాల దగ్గర ఉండగా, "నేను పేరివ్వట్లేదు" అంది.

"అదేంటే, ఇన్నాళ్ళూ ప్రాణం పెట్టి పరిగెత్తావు కదా!" అంది అక్క.

"నలభై ఎనిమిదేళ్ళాయన, షుగర్ మాత్రలు మింగే ఆయన, నాకంటే ముందు ఇంటికొస్తున్నాడు. నేను అక్కడికెళ్ళి ఏం పొడుస్తానమ్మా? నాలో సరుకు లేదు. ఊరికే ఉబలాటం, అంతే."

ఏడవలేదు. పళ్ళెం కడిగి, బూట్లు పాత పేపర్లో చుట్టి అటక మీద పెట్టేసింది. బావ ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

నన్ను సాగనంపడానికి వ్యాను దాకా వచ్చాడు. "ఏం చెయ్యనురా?"

"చెప్పెయ్ బావా."

"మీ నాన్న దొంగ అని చెప్పమంటావా?"

"అడ్డదారిన వచ్చానని చెప్పు చాలు."

"రెండూ ఒకటేరా" అన్నాడు.

నేనే లోపలికెళ్ళి ఒక్క మాట అంటే సరిపోయేది. చెబితే ఆ పిల్ల, 'నీకెప్పట్నుంచి తెలుసు?' అని అడుగుతుంది. వ్యాను ఎక్కి వచ్చేశాను.

సోమవారం పొద్దున బట్టీల దగ్గర కొట్టు ముందు నేను ట్రేలు దింపుతున్నాను. తండ్రీ కూతుళ్ళు పరిగెత్తుకుంటూ వచ్చారు. బావే బతిమాలి లేపుకొచ్చాడట. బండి దారి మొదట్లో ఆగిపోయాడు.

"ఆగమ్మా. నేను రోజూ వెళ్ళేది ఇటు."

ఆ పిల్ల దారినీ, పైకి పోయే రోడ్డునీ మార్చి మార్చి చూసింది. "మరి ట్యాంకు?"

"ఎక్కట్లేదు తల్లీ. పది నెలలైంది. డెబ్బై ఎనిమిది కంటే తక్కువలో నేనెప్పుడూ చుట్టు పూర్తి చెయ్యలేదు."

మామూలుగా డ్రైవర్లను నిలబెట్టి అడిగే మనిషి, కూతురి ముందు చేతులు కట్టుకుని తలొంచుకున్నాడు.

"నేను ట్యాంకు దగ్గర కూర్చుని ఎన్ని రోజులు ఏడ్చానో తెలుసా నాన్నా?" అంది. ఆ వెంటనే, "ఇది ఇంకెవరికైనా తెలుసా?" అని అడిగింది.

బావ తలెత్తి నన్ను చూశాడు. చూపు తిప్పుకున్నాడు. "లేదమ్మా. ఎవరికీ తెలీదు."

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. "చూశావా మామయ్యా! రోజూ నువ్వు తిరిగే దారే, నీ కంట కూడా పడలేదు. నీకు తెలిసుంటే ఆ పూటే నాకు చెప్పేవాడివి."

చేతుల్లో ట్రేలు ఉన్నాయి. అవునన్నట్టు తలూపాను.

ఆమె వెనక్కి తిరిగి ఎక్కుడు వైపు పరిగెత్తింది. ఆ రోజే పేరిచ్చింది, జట్టులో చోటు తెచ్చుకుంది. వాళ్ళ నాన్నతో రెండు నెలలు మాట మానేసింది. నాతో మాత్రం ఒక్క రోజు కూడా మానలేదు.