ఎడమ చెంప మీద లేని మచ్చ

ఇవాళ బెజవాడలో నా పుట్టుమచ్చ కనపడక నా ఉద్యోగం ఒకరోజు ఆగిపోయింది.

టైపిస్టుగా చేరడానికి ఆఫీసుకు వెళ్లాను. హెడ్ గుమాస్తాగారు నా ఎస్సెల్సీ పుస్తకంలో గుర్తింపు మచ్చల వివరాలు చదివి, కళ్లజోడు సర్దుకుని నా ముఖమంతా వెతికారు.

“ఎడమ చెంప మీద పుట్టుమచ్చ అని ఉందండీ. ఏదీ?”

“లేదండీ.”

“పులిపిరికాయైతే రాలిపోయిందనుకోవచ్చు. పుట్టుమచ్చ ఎక్కడికి పోద్దమ్మా?”

నిజం చెప్పేశాను. పామర్రు హైస్కూల్లో ఆ వివరాలు రాసుకున్న రోజు నేను కొత్త మంగళగిరి పరికిణీ కట్టుకున్నాను. దిష్టి తగులుతుందని నాయనమ్మ చెంపకి కాటుకచుక్క పెట్టి పంపింది. మాస్టారు దాన్నే పుట్టుమచ్చ అనుకుని రాసేశారు. అంత పెద్దపిల్లకి దిష్టిచుక్కా అని అందరూ నవ్వుతారని నేను నోరు మెదపలేదు.

గుమాస్తాగారు నవ్వలేదు. “రాసింది మార్చడం నా వల్ల కాదు. రేపు పెట్టుకుని రండమ్మా, చేర్చుకుంటాను,” అన్నారు.

కాలవగట్టు మీద నడిచి ఇంటికొచ్చేసరికి నీళ్లలో ఎండ మెత్తబడింది. కాటుక భరిణె తీసుకుని అద్దం ముందు కూర్చున్నాను. నాయనమ్మ పోయి మూడేళ్లయింది. నా గడ్డం పట్టుకుని, ముఖం పక్కకి తిప్పి, చల్లటి వేలితో ఒక్కసారి అద్దేది. నేను నాలుగు చోట్ల పెట్టి నాలుగుసార్లూ తుడిచేశాను.

కాగితం మీద ఉండి ఒంటి మీద లేని మచ్చలు మీకూ ఉంటే చెప్పండి, నాకు తోడుంటుంది. ఏ చెంపో పుస్తకంలో ఉంది. ఆ చెంప మీద సరిగ్గా ఎక్కడో మాత్రం నాయనమ్మ వేలికే తెలుసు.