మామ పసరూ అమ్మ గడ్డా

కీమోలన్నీ అయ్యేసరికి అమ్మ రొమ్ములోని గడ్డ చేతికి దొరకనంత చిన్నదయింది. కర్నూలులో డాక్టరమ్మ సంతోషించి, గురువారం ఆపరేషన్‌కు చేరమంది. బుధవారం పొద్దున్నే వేంపల్లె నుంచి మామ కమలాపురంలోని మా ఇంట్లో దిగాడు.

మామ అమ్మకు అన్న. అరటికాయల వ్యాపారం. వైద్యంలో తనకు తెలియనిది లేదని ఆయన నమ్మకం. కీమో మొదలైనప్పటి నుంచీ ఎవరో నాటువైద్యుడి ఆకుపసరు తెచ్చి అమ్మకు కట్టు కట్టించేవాడు. కర్నూలు పోయే ముందు అమ్మ దాన్ని కడిగేసుకునేది, డాక్టరమ్మ తిడుతుందని.

"చూసినావా చెల్లెమ్మా, నా పసరు దెబ్బకు గడ్డ కరిగిపోయిండాది. ఇంగ ఆపరేషన్ ఏంటికి? కత్తి తగిలితే ఒళ్ళంతా పాకుతాది," అన్నాడు మామ, రెండో ప్లేటు ఉగ్గాణి ముందుకు లాక్కుంటూ.

అమ్మ నా వైపు చూసింది. ఆమెకు కత్తంటే వణుకు. మానుకోవడానికి ఒక్క సాకు దొరికితే చాలు.

నేను చదివినవి డైరీలో రాసుకుంటానే తప్ప నోరు తెరిచి చెప్పను. మామూలు కణం పక్కదానికి తగిలితే పెరగడం ఆపుతుంది, చెడిపోతే తనంతట తానే చస్తుంది. క్యాన్సర్ కణం ఈ రెండూ చేయదు. ఉన్నచోట ఆగక నెత్తురులో పడి ఇంకోచోటికి పోతుంది. గబగబా పెరిగే కణాలను కీమో చంపుతుంది, వాటితో పాటే ఎంట్రుకల కుదుళ్ళూ దెబ్బతింటాయి. గడ్డ చేతికి దొరకనంత మాత్రాన అన్నీ చచ్చినట్టు కాదు. ఈ నాలుగు ముక్కలు తెలుసుకోవడానికి మామకూ ఫోన్ ఉంది. అందులో ఆయన పసరు వీడియోలు చూస్తాడు.

"ఏం పాపా, పలకవు? శానా చదివినావు గదా!" అని నవ్వాడు.

"గడ్డ నీ పసరుకే కరిగింటే, అమ్మ ఎంట్రుకలు గూడా నీ పసరుకే ఊడినాయా మామా?"

ఆ మాట నా నోటి నుంచే వచ్చిందని నాకే నమ్మబుద్ధి కాలేదు.

"అది... అది వాళ్ళ మందు వేడి," అన్నాడు మామ.

అమ్మ నవ్వింది. "బాగుండాదన్నా! ఊడింది వాళ్ళ లెక్క, కరిగింది నీ లెక్కనా?" తర్వాత నవ్వు తగ్గి నన్ను అడిగింది. "కత్తి తగిలితే నిజంగా పాకదా, పాపా?"

"కత్తికి పాకదమ్మా. తీయకపోతేనే పాకుతాది."

అమ్మ మామ వైపు తిరిగింది.

"అన్నా, రేపు పొద్దున బస్సుకు నువ్వు గూడా రా. నీ పసరు సంగతి డాక్టరమ్మకు నువ్వే చెప్పు."

"రేపు మండీలో లోడుండాదమ్మా," అంటూ మహా వైద్యుడు చెప్పులు వెతుక్కోవడానికి గుమ్మం వైపు నడిచాడు.

అమ్మ సంచి తెరిచి, ఆపరేషన్ తర్వాత చెయ్యెత్తకుండా తొడుక్కోవచ్చని ముందువైపు హుక్కులున్న జాకెట్లు ఏరి పెట్టుకోవడం మొదలుపెట్టింది.